లాప్‌టాప్ పలచబడింది, కీబోర్డు పాడైంది: ఒప్పుకుంటారా?

నల్లగొండ డీటీపీ:
పదిహేడేళ్లుగా నల్లగొండలో డీటీపీ చేస్తున్నా. పెళ్లికార్డులు, అర్జీలు, కిరాయి అగ్రిమెంట్లు. పోయిన ఏడు పలచని కొత్త లాప్‌టాప్ కొన్నా. పాతదాంట్లో కీ నొక్కితే వేలు లోపలికి దిగేది, కింది రబ్బరు మళ్లీ పైకి తన్నేది. అక్షరం పడిందో లేదో స్క్రీన్ చూడకుండానే తెలిసేది. కొత్తదాని మీద కొడుతుంటే ఉత్త బల్ల మీద కొట్టినట్టే ఉంది. పొద్దుగూకేసరికి వేళ్ల కొసలు మంట.

ఇంగ్లిష్‌లో ఒక కీ పడకపోతే స్పెల్లింగ్ తప్పని కింద ఎర్రగీత వస్తుంది. తెలుగులో మన పేర్లకు ఆ దిక్కు లేదు. నేను వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో ‘లక్ష్మి’కి ఏడు కీలు కొడతా, అందులో పొల్లే రెండుసార్లు. రెండో పొల్లు పడక ‘లక్షమి’ అయింది. ప్రూఫ్ నేనూ చూశా, పెళ్లివారూ చూశారు, ఎవరికీ కనపడలేదు. 500 కార్డులు నా డబ్బులతో మళ్లీ వేయించా.

పాలమూరు కుర్రాడు:
అన్నా, నీ నష్టం కాదనను. కానీ నేను మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు బస్సులో రోజూ పోయి వచ్చేవాడిని. దాదాపు మూడు కిలోల పాత లాప్‌టాప్ మోసి భుజం పోయింది. ఇప్పటిది కిలోన్నర లేదు. కీ తక్కువ దిగితే వేలికి పనీ తక్కువే, రెండు వారాల్లో చెయ్యి అలవాటు పడింది. నీలాగా రోజంతా కొట్టేవాళ్లు బయటి కీబోర్డు పెట్టుకుంటే సరిపోదా?

మిర్యాలగూడ రిపేర్:
అలవాటుతో అన్నీ సర్దుకోవు తమ్మీ. ఆపిల్ 2015లో బటర్‌ఫ్లై అని బాగా పలచని కీబోర్డు తెచ్చింది. చిన్న రవ్వ దుమ్ము దూరినా కీ పట్టేసేది, లేదంటే ఒక అక్షరం రెండుసార్లు పడేది. 2019లో, కీ కింద కత్తెరలా రెండు ముక్కలుండే పాత సిజర్ పద్ధతికే మళ్లింది. ఆ బటర్‌ఫ్లై కీబోర్డుల మీద అమెరికాలో కొన్నవాళ్లు వేసిన కేసును 2022లో 5 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకుంది. లెనోవో వాళ్ల థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లలో 2012లో ఏడు వరసల కీబోర్డు ఆరుకు దిగింది. 2017లో థింక్‌ప్యాడ్‌కు పాతికేళ్లు నిండాయని తెచ్చిన మోడల్‌కు మళ్లీ ఏడు వరసలే పెట్టారు. పాతదాని మీద జనానికి మోజు లేకుంటే పెడతారా?

నా గొడవ ఇంకొకటి. మా దగ్గర రైస్ మిల్లు ఆఫీసుల నుంచి వచ్చే లాప్‌టాప్‌లలో కీల కింద ఊక దుమ్మే. పాతవాటికి స్క్రూలు తీస్తే కీబోర్డు చేతికొచ్చేది, దులిపి ఇచ్చేవాడిని. ఇప్పుడు చాలావాటికి ప్లాస్టిక్ రివెట్లతో పై ప్యానెల్‌కు బిగించేస్తున్నారు. నాలుగు కీలు పోతే ప్యానెల్ మొత్తం మార్చాలి. ఆ రేటు చెప్పడానికి నాకే నోరు రాదు.

నల్లగొండ డీటీపీ:
తమ్మీ, షాపులో బయటి కీబోర్డే వాడుతున్నా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర పార్టీవాళ్లు తొందరపెడుతుంటే, కారు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టి సర్వే నంబర్ దిద్దాల్సి వస్తుంది. అక్కడ ఇంకో కీబోర్డు ఎక్కడ పెట్టను?

మిర్యాలగూడ అన్నా, స్క్రూలతో ఊడొచ్చే మోడల్ నీ దగ్గరికి వస్తే ఒక మాట చెప్పు. సెకండ్ హ్యాండ్ అయినా తీసుకుంటా.