804 డీ3 స్పీకర్లకు ఏ ఇంటిగ్రేటెడ్ ఆంప్ బెటర్?

డోలుసన్నాయి:
అందరికీ నమస్తే. దేశం వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర బీ అండ్ డబ్ల్యూ కంపెనీ 804 డీ3 స్పీకర్ల జత తీసుకున్నాను. ప్రస్తుతానికి ఇంట్లో ఉన్న పాత ఏవీ రిసీవర్‌కే (సినిమా సౌండ్ కోసం వాడే ఆంప్) తగిలించాను. తక్కువ సౌండ్‌లో బాగానే ఉంది కానీ, కాస్త పెంచి నాదస్వరం కచేరీ పెడితే మాత్రం డోలు దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పగా వస్తోంది, నాదస్వరమేమో చెవిలో గుచ్చుకుంటోంది, ఒకట్రెండు సార్లు రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోయింది కూడా. దాని మీద ఛానల్‌కి 100 వాట్లని రాసుంది, స్పీకర్లకు 50 నుంచి 200 వాట్ల ఆంప్ చాలని కంపెనీ వాళ్లే అంటున్నారు. మరి తేడా ఎక్కడ?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, గది 12×16 అడుగులు, కూర్చునేది 3 మీటర్ల దూరంలో. చూస్తున్న ఇంటిగ్రేటెడ్ ఆంప్‌లు (ప్రీ, పవర్ రెండూ ఒకే పెట్టెలో ఉండేవి) హెగెల్ హెచ్390, లక్స్‌మన్ ఎల్-550ఏఎక్స్ మార్క్ 2, ఎన్ఏడీ ఎం33. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. సినిమాలకు రిసీవర్ అలాగే ఉంచుతాను.

ఓమ్‌కారం:
ఆ 100 వాట్లు 8 ఓమ్‌ల దగ్గర లెక్క. ఓమ్‌లంటే స్పీకర్ కరెంటుకిచ్చే అడ్డు, అది తగ్గేకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. మీ స్పీకర్ పేరుకే 8 ఓమ్‌లు, కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3కి పడిపోతుంది, కంపెనీ స్పెక్ షీట్‌లోనే ఉంటుంది చూడండి.

సెన్సిటివిటీ, అంటే ఒక్క వాట్‌కి ఒక మీటర్ దూరంలో వచ్చే సౌండ్, 89 డీబీ. దూరం వల్ల కొంత పోయి, రెండో స్పీకరూ గది గోడలూ కొంత తిరిగిచ్చి, మీ కుర్చీ దగ్గర ఒక్క వాట్‌కి 85 డీబీ వస్తుందనుకుందాం. డోలు దెబ్బ 100 డీబీ తాకాలంటే ఇంకో 15 డీబీ కావాలి, ప్రతి 3 డీబీకీ వాట్లు రెట్టింపవుతాయి కాబట్టి 32 వాట్లు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది కదా. కానీ 8 ఓమ్‌ల దగ్గర 32 వాట్లంటే 16 వోల్టులు, అవే 16 వోల్టులు 3 ఓమ్‌ల చోట పడ్డాయంటే 5 ఆంపియర్లు దాటి లాగుతుంది, దానికి ఫేజ్ యాంగిల్ (వోల్టేజీ, కరెంటు ఒకేసారి కాకుండా ముందూ వెనకా నడవడం) కూడా తోడైతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పని ఇంకా కష్టం. మీ రిసీవర్ చేతులెత్తేసేది అక్కడే. వెనకాల 4 ఓమ్‌ల స్విచ్ ఉంటే దాన్ని వేసి సరిపెట్టుకుందాం అనుకోకండి, చాలా రిసీవర్లలో అది లోపలి వోల్టేజీని తగ్గించి సెట్ వేడెక్కకుండా చూస్తుందంతే, కరెంటేమీ పెంచదు.

నా ఓటు హెచ్390కే. 8 ఓమ్‌లకు 250 వాట్లు, 2 ఓమ్‌ల దాకా నిలబడుతుందని కంపెనీయే చెప్తోంది.

రాత్రిపాటలు:
లక్స్‌మన్ గురించి ఒక మాట అన్నా. అది ప్యూర్ క్లాస్ ఏ (ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉండే రకం ఆంప్), 8 ఓమ్‌లకు 20 వాట్లు, 4 ఓమ్‌లకు 40. రాత్రి పదింటికి ఘంటసాల పాటలు పెట్టుకుని వింటే గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంటుంది, అందులో సందేహం లేదు. మీ డోలుకి మాత్రం చాలదు. పైగా పాట ఉన్నా లేకపోయినా వేడెక్కుతూనే ఉంటుంది, మే నెలలో ఏసీ లేని గదిలో దాని పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

గదిగోడ:
అందరూ ఆంప్ గురించే మాట్లాడుతున్నారు. 12×16 గదిలో బాస్ గోల గ్యారంటీ, 250 వాట్లు పోసినా అది పోదు. ఎం33లో డిరాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, మైకు పెట్టి గది కొలిచి సరిచేస్తుంది, నాకైతే ఈ మూడింటిలో అదే తెలివైన బేరం. లోపల ప్యూరిఫై అనే కంపెనీ వాళ్ల క్లాస్ డీ (వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ కరెంటు పెద్దగా వృథా చేయని రకం), వేడి దాదాపు ఉండదు.

ఓమ్‌కారం:
@గదిగోడ, 8 ఓమ్‌లకూ 200, 4 ఓమ్‌లకూ 200 వాట్లే కదా అది, ఓమ్‌లు సగమైనా వాట్లు డబుల్ అవ్వవు.

గదిగోడ:
అవ్వక్కర్లేదు. 4 ఓమ్‌లకు 200 వాట్లంటే 7 ఆంపియర్లు, మీ లెక్క ప్రకారమే ఈయనకు కావాల్సింది 5 చిల్లర. కొన్ని కంపెనీలు 8 ఓమ్‌ల అంకెని కావాలనే తక్కువగా రాస్తాయి, 4 దగ్గర అది చక్కగా డబుల్ అయినట్టు కనిపిస్తుంది. చూడాల్సింది 4 ఓమ్‌ల అంకె, ఇస్తే 2 ఓమ్‌లది కూడా.

డోలుసన్నాయి:
అయితే లక్స్‌మన్ పక్కన పెట్టేశాను. హెగెల్, ఎన్ఏడీ రెండూ ఇంటికి తెచ్చి వినిపిస్తానని డీలర్ ఒప్పుకున్నాడు. ఏం చూసుకోవాలి?

రాత్రిపాటలు:
రెండింటినీ ఒకే సౌండ్‌కి సెట్ చేసి వినండి, ఫోన్‌లో మీటర్ యాప్ చాలు, లేకపోతే ఏది కొంచెం గట్టిగా మోగితే అదే నచ్చేస్తుంది. మీకు బాగా తెలిసిన నాదస్వరం రికార్డింగే పెట్టండి, డెమో సీడీలు వద్దు. ముందు డిరాక్ ఆపేసి, తర్వాత ఆన్ చేసి వినండి. సినిమాలకు రిసీవర్ ఉంచుతానన్నారు కాబట్టి దాని ఫ్రంట్ ప్రీ-అవుట్ (ముందు స్పీకర్ల సిగ్నల్‌ని బయటి ఆంప్‌కి ఇచ్చే సాకెట్లు) నుంచి ఆంప్‌కి వైరు లాగాలి, ఆంప్‌లో ఆ ఇన్‌పుట్ వాల్యూమ్ ఫిక్స్ చేసే సెట్టింగ్ ఉందో లేదో డీలర్ ఎదుటే చూసుకోండి.

డోలుసన్నాయి:
థాంక్స్ అన్నా. స్పీకర్ కేబుల్ కూడా మార్చాలా? ఇప్పుడున్నది మామూలు 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, ఒక్కోటి 4 మీటర్లు.

ఓమ్‌కారం:
అదే చాలు. ఆ డబ్బు ఆంప్‌లో పెట్టండి.