కొంచెం దూరం పోయాక బండి గుక్కపట్టి ఆగిపోతోంది, ప్లగ్గు మార్చినా కార్బొరేటర్ కడిగినా అంతే

తొండవాడ_పాలబండి:
అన్నలూ, మాది చంద్రగిరి పక్కన పల్లె. 2012 మోడల్ స్ప్లెండర్ ప్లస్. మా నాయన దాని మీదే రోజూ తెల్లారి నాలుగున్నరకి రెండు క్యాన్ల పాలు కట్టుకుని తిరుపతికి పోతాడు. ఇరవై రోజుల నుంచి బండి మొరాయిస్తోంది. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, మూడు నాలుగు కిలోమీటర్లు బాగానే పోతుంది, ఆ తర్వాత రేజ్ ఇస్తే స్పీడు పెరగాల్సింది పోయి ఉన్నది కూడా పడిపోతుంది, ఏడ్చి ఏడ్చి గుక్కపట్టిన పిల్లోడిలా నాలుగైదు సార్లు ఎగిరెగిరి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు ఉండి కిక్కు కొడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్. మొన్న సోమవారం హైవే మీద అట్లా ఆగితే వెనకే బెంగళూరు బస్సు వస్తోందంట, ఆ హారన్ ఇంకా చెవుల్లోనే ఉందిరా అన్నాడు నాయన.

షెడ్డులో ప్లగ్గు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, కార్బొరేటర్ రెండుసార్లు కడిగారు, 1,450 రూపాయలు అయింది. అక్కడ స్టాండు వేసి పది నిమిషాలు ఆడిస్తే మాత్రం ఎప్పుడూ ఆగదు. ఇప్పుడు ఇంజన్ విప్పి బోరు పని (అరిగిన సిలిండర్ సరిచేయడం) చేయాలంటున్నారు. అంత ఖర్చు పెట్టేముందు తెలిసినోళ్లని ఒక మాట అడుగుదామని రాస్తున్నా. నాయన ఇంటికి వచ్చేదాకా అమ్మకీ నాకూ టెన్షనే.

పాకాల_రైడర్:
నాకు ఇట్లాగే అయితే ప్లగ్గుకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ పోయిందని తేలింది బ్రో. ఇంజన్ వేడెక్కితే కరెంటు ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది. ఒకసారి అది మార్చి చూడు.

కొర్లగుంట_షెడ్డు:
తమ్ముడూ, బోరు పని ఇప్పుడే వద్దు. బోరు అరిగితే పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది, మిట్ట ఎక్కేటప్పుడు ఎప్పుడూ లాగదు. ఐదు నిమిషాలు ఆగితే నయమయ్యే జబ్బు కాదది. పాకాల తమ్ముడు చెప్పిన కాయిల్ సంగతి నిజమే కానీ, కరెంటు పోతే బండి సాధారణంగా స్విచ్ ఆపినట్టు టక్కున ఆగుతుంది. మీ బండి ముందు నీరసపడి, ఎగిరెగిరి, తర్వాత ఆగుతోంది. ఇది ఎక్కువగా పెట్రోల్ అందని బండి లక్షణం. ఏదైనా కొనేముందు, బండి ఆగిన ఆ నిమిషంలో, ఆగిన చోటే చూడాలి. షెడ్డుకి తెచ్చేసరికి రోగం దాక్కుంటుంది, మా పనిలో పెద్ద కష్టం ఇదే.

నీరసపడటం మొదలవగానే చోక్ (ఇంజన్‌కి గాలి తగ్గించే మీట) సగం లాగమను. కాసేపు తేరుకుంటే పెట్రోల్ తక్కువ వస్తున్నట్టు. ఇంకా నీరసపడితే పెట్రోల్ ఎక్కువైనా వస్తుండాలి, కరెంటైనా తగ్గుతుండాలి.

ఆగిపోయాక పక్కకి తీసి, ఇంజన్ కాస్త చల్లారనిచ్చి, కార్బొరేటర్ కింద గిన్నెకి ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేయి. దాని పైపు ఒక తెల్ల సీసాలో పెట్టు. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు. పెట్రోల్ కుళాయి తెరిచే ఉండాలి. మంచి బండికి ధార ఆగకుండా వస్తుంది. కొంచెం వచ్చి దారంలా సన్నబడి చుక్కలు చుక్కలు అయిందంటే, ధార అట్లా పడుతుండగానే ట్యాంకు మూత తెరువు. వెంటనే ధార లావయితే తప్పు మూతదే. మీ బండిలో పంపు ఏదీ లేదు, పెట్రోల్ తన బరువుతో తనే దిగాలి. ఎంత దిగితే అంత గాలి మూతలో ఉండే సన్నటి దారి గుండా లోపలికి పోవాలి. అది మూసుకుంటే లోపల వాక్యూమ్ అయి పెట్రోల్ పైనే ఉండిపోతుంది. స్టాండు మీద ఆడిస్తే తాగేది కొంచెమే కాబట్టి అక్కడ బయటపడదు. మూత తీసినా ధార లావు కాకపోతే కుళాయిలో జాలీ, పైపు మడత, గిన్నె లోపలి సూది చూడాలి.

రెండు ప్రశ్నలు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు తొందరగా ఆగుతోందా, తక్కువున్నప్పుడా? ఇరవై రోజుల ముందు బండికి కొత్తగా ఏం చేశారు?

రేణిగుంట_బుల్లెట్:
ఆ సీసా పారేయకుండా కాసేపు కదలకుండా పెట్టి చూడు. 2021 నవంబర్ వానలకి మా వీధిలో నీళ్లొచ్చి నా బండి రెండు రోజులు తడిసింది, తర్వాత ఇట్లాగే ఆగేది. సీసా అడుగున పాదరసం గుండ్లలా నీటి బొట్లు దొర్లుతూ కనిపించాయి. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కూడా ఉంటుంది, అది నీటిని పట్టుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి, అట్లాంటప్పుడు ట్యాంకు మొత్తం దించాల్సిందే.

తొండవాడ_పాలబండి:
షెడ్డు అన్నా, నీ ప్రశ్నలు నాయనకి చదివి వినిపిస్తే, ఫుల్ కొట్టించిన రోజే ముందుగా ఆగుతోంది అన్నాడు వెంటనే. మిగతా మేమెవరమూ అది గమనించలేదు. ఈ రోజు నేనే వెనక కూర్చుని పోయా. తొండవాడ దాటాక మొదలైంది. చోక్ లాగితే ఒక ఫర్లాంగు తేరుకుంది, తర్వాత ఆగింది. సీసాలో ధార వేలెడు వచ్చి సన్నబడింది. మూత తాళం తిప్పగానే ఉస్స్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు, ధార మళ్లీ లావైంది! సీసాలో నీళ్లు కూడా లేవు.

మూత కింద చూస్తే పాల ప్యాకెట్ కవరు ముక్క ఉంది అన్నా. వానకి ట్యాంకులోకి నీళ్లు దిగుతున్నాయని నాయన ఇరవై రోజుల కిందట మూతికి కవరు కప్పి దాని మీద మూత నొక్కాడంట. షెడ్డులో వాళ్లు ట్యాంకు మూత తీసి చూడనే లేదు. నాయన అక్కడే రోడ్డు పక్కన కూర్చుని సీసా వంక చూస్తూ ఉండిపోయాడు. నీ తప్పు కాదు నాయనా, వాన నీళ్లు ఆపడానికే కదా చేశావు అన్నాను. కవరు తీసేశాక తిరుపతి దాకా, మళ్లీ ఇంటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

కొర్లగుంట_షెడ్డు:
చాలా సంతోషం తమ్ముడూ. ఫుల్ ట్యాంకులో గాలికి చోటు తక్కువ కాబట్టి వాక్యూమ్ తొందరగా అవుతుంది, అందుకే అడిగాను. అది గమనించింది మీ నాయనే, ఆయనకి చెప్పు. కవరు తీశారు సరే, నీళ్లు దిగే సంగతి అట్లాగే ఉంది. మూత కింద రబ్బరు వాషర్ గట్టిపడి పగిలి ఉంటుంది, అది చూడు. చిన్న సామానే, స్పేర్ పార్ట్స్ షాపులో మోడల్ చెప్తే ఇస్తారు. ఈ వారం రాత్రిళ్లు బండి వసారాలో పెట్టండి.

తొండవాడ_పాలబండి:
వాషర్ రెండు చోట్ల పగిలి ఉంది అన్నా, చేత్తో తీస్తే ముక్కలైపోయింది. రేపు పాలు పోసి వచ్చేటప్పుడు నాయనే తెస్తానన్నాడు.