ప్రేమ పుట్టకపోయినా పెళ్లి నిలబడుతుందా?

నాకు 29 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఖమ్మం సంబంధం ఒకటి దాదాపు ఖాయమైంది. అబ్బాయి మంచివాడే. పెళ్లిచూపుల్లో అమ్మ కాఫీ కప్పులు తీయబోతుంటే తనే లేచి ట్రే అందుకున్నాడు (వాళ్ల నాన్న ముఖం చూడాలి!). కట్నం మాట ఎత్తలేదు, ఉద్యోగం మానమనలేదు. ఫోన్‌లో గంటసేపు మాట్లాడినా విసుగు రాదు. కానీ ఆ ఫోన్ కోసం ఎదురుచూడటం, గుండె దడ లాంటివేవీ లేవు.

"పెళ్లయ్యాక అదే వస్తుందిలే" అంటుంది అమ్మ. ప్రేమ పెళ్లి చేసుకున్న అక్కేమో "ముందు లేనిది తర్వాత ఎక్కణ్నుంచి వస్తుందే?" అంటుంది.

స్టెర్న్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1986లో ప్రేమను సాన్నిహిత్యం, మోహం, నిబద్ధత అని మూడుగా విడగొట్టాడు. మోహం లేకుండా మిగతా రెండూ ఉంటే అది సహచర ప్రేమ అట. అయితే ఆయన ఉదాహరణ మోహం చల్లారిన పాత దంపతులు. మొదటి నుంచీ అది లేనివాళ్ల సంగతేంటి?

పెద్దలు కుదిర్చిన పెళ్లయి పదేళ్లు దాటినవాళ్లు దయచేసి చెప్పండి. ఇష్టం తర్వాత పుట్టిందా, లేక అలవాటు పడిపోయారా? పుట్టకపోతే ఏ లోటు తెలిసింది? మాఘంలో ముహూర్తం పెడతామంటున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. ఈలోపు అతనితో ఏయే విషయాలు మాట్లాడి తేల్చుకోవాలి? "సర్దుకుపో" అనే సలహా మాత్రం వద్దు, అది ఇంట్లోనే బోలెడు దొరుకుతోంది.