అప్‌డేట్: అక్కకు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది

బావ కొడుతున్నాడని అక్క పిల్లాడితో మా ఇంటికి వచ్చేసిందని, లాయరుకు ఇచ్చుకోవడానికి డబ్బు లేదని రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను. బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చింది ‘మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి’ అన్న సలహా. వాళ్లు హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపారు, అక్కడి నుంచి గృహహింస కేసులు చూసే రక్షణాధికారి దగ్గరకు వెళ్లాం. ఆవిడ గృహహింస నివేదిక రాస్తుంటే అక్క తేదీలు చెప్పలేక తడబడింది. ‘ఉగాదికి ముందా, తర్వాతా? బాబుకు జ్వరం వచ్చినప్పుడా?’ అని అడుగుతూ ఓపికగా అంతా రాసుకున్నారు. పాత ఆసుపత్రి చీటీలు, వాట్సాప్ సందేశాలు జతచేశాం.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇచ్చింది. ఆదాయ ధ్రువపత్రం కోసం నేను మూడు రోజులు తిరిగిందంతా దండగే. మహిళలకు ఆదాయ పరిమితే లేదు. అత్తగారి ఊరి కోర్టుకే వెళ్లాలేమోనన్న భయమూ అనవసరం. 2005 గృహహింస చట్టం ప్రకారం, బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటుకైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మొదట వెళ్లిన పోలీసు స్టేషన్‌లో ‘సర్దుకుపొమ్మ’న్నారని నేను నీరుగారిపోయాను కానీ, ఈ దరఖాస్తుకు ముందుగా ఎఫ్‌ఐఆర్ ఉండాలన్న నిబంధనేమీ లేదు.

బావ మా గడప తొక్కకూడదని, నెలనెలా భరణం ఇవ్వాలని, అక్క వస్తువులు తిరిగి అప్పగించాలని మేజిస్ట్రేటు ఆదేశించారు. తుది విచారణ ఇంకా ఉంది. అక్క డిగ్రీ సర్టిఫికెట్లు, కుట్టుమిషను మొన్న వచ్చాయి. మిషను పెడల్ విరిగి ఉంది, బాగు చేయించాలి.