టెంప్లర్ల తెల్ల అంగీకి రంగు ఎలా వేస్తున్నారు?

క్రూసేడర్లకీ (జెరూసలేం కోసం పోరాడిన క్రైస్తవ సైనికులు) సలాదిన్ సేనకీ మధ్య జరిగిన 1187 నాటి హాటిన్ యుద్ధాన్ని టేబుల్ మీద ఆడుకోవడానికి 28 మిల్లీమీటర్ల క్రూసేడర్ బొమ్మలకి రంగులేస్తున్నాను, వాళ్లలో సన్యాసి యోధులైన టెంప్లర్ల తెల్ల అంగీ దగ్గరే ఆగిపోయాను. నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) మీద తెలుపు మూడు కోటింగులు వేస్తే సున్నం కొట్టిన గోడలా పొడిపొడిగా, గీతలు గీతలుగా వస్తోంది, పైగా మడతలన్నీ పూడిపోయాయి. ముందు లేత బూడిద రంగు వేసి మడతల అంచులకి మాత్రం తెలుపు పెడితే సరిపోతుందా, లేక ప్రైమరే మార్చాలా? గొలుసు కవచం మాత్రం బాగా కుదిరింది, నలుపు మీద దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో వెండి రంగు రుద్దానంతే.

ఇంకోటి, హాస్పిటలర్లకి (టెంప్లర్లలాంటిదే ఇంకో యోధుల సంఘం) ఎరుపు వేయమని మావాడొకడు ఒకటే పట్టు. ఆ ఎర్ర అంగీకి పోప్ అనుమతి వచ్చింది 1259లో కదా, హాటిన్‌కి నలుపే కరెక్ట్ అనుకుంటున్నా. మరి ఆ నలుపులో మడతలు కనబడాలంటే ఏ రంగు కలుపుతారు? నీలం కలిపితే కొత్త బట్టలా మెరుస్తోంది.