రాళ్ల గోడ మీద నుంచి గేలం వేయడానికి ఎలాంటి రీలు కొనాలి?

అమలాపురం నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా అంతర్వేది దగ్గర, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇసుక మీద నిలబడి గేలం వేస్తున్నాను. అక్కడికి నా 4000 సైజు (అంకె పెరిగేకొద్దీ రీలు పెద్దది) స్పిన్నింగ్ రీలు, అంటే విసిరేటప్పుడు దారపు చక్రం తిరగని రకం, చక్కగా సరిపోయింది. ఈ మధ్య మా బావగారితో కలిసి కాకినాడ–ఉప్పాడ రోడ్డు వెంట, కోత ఆపడానికి పోసిన బండరాళ్ల మీదికి వెళ్తున్నాను. అక్కడ వెళ్లిన ప్రతిసారీ నాలుగైదు సీసపు బరువులు రాళ్ల సందుల్లో ఇరుక్కుని పోతున్నాయి. కిందటి ఆదివారం ఇరుక్కున్న దారాన్ని రీలుతోనే బలంగా లాగబోతే లోపల టకటకమని చప్పుడు వచ్చి హ్యాండిల్ వదులైపోయింది. ఇంటికి వచ్చి విప్పి చూస్తే పెద్ద పళ్లచక్రానికి రెండు పళ్లు విరిగి ఉన్నాయి.

కొత్తది కొనాలి. ఎనిమిది వేల రూపాయల వరకు పెట్టగలను. దుకాణంలో ఒక రీలు చూపించి పన్నెండు బేరింగులు, 15 కిలోల డ్రాగ్ (చేప లాగితే దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు) అని చెప్పారు. ఆ అంకెలను చూసి కొనవచ్చా, లేక విసిరేటప్పుడు దారపు చక్రమే తిరిగే మల్టిప్లయర్ రీలుకు మారడం మంచిదా? దయచేసి చెప్పగలరు.

కాకినాడ నుంచి సమాధానం

ముందుగా మన నేల సంగతి చూడాలి. డెల్టా తీరమంతా గోదావరి తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. సముద్రం అడుగున సహజమైన రాతినేల మనకు లేదు. ఉప్పాడ దగ్గర రాళ్లన్నీ మనుషులు పోసినవే కాబట్టి, అవి గోడ పాదం దగ్గర, అలలకు జారిపడిన మేరకు కొంచెం ముందుకు మాత్రమే ఉంటాయి. మీ బరువు పడేది ఇసుకలోనే, ఇరుక్కునేది చివరి పది ఇరవై మీటర్లలో. అందువల్ల దారాన్ని ఆగకుండా, వేగంగా చుట్టి, బరువును రాళ్ల మీదుగా పైకి తేలేలా తీసుకురాగల రీలు మీకు కావాలి.

వేగం గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక్క చుట్టుకు లోపలి భాగం ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే అంకె) ఒక్కదానితో తెలియదు. స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) మీద దారం నిండుగా ఉన్నప్పుడు దాని వ్యాసం 6 సెంటీమీటర్లు, నిష్పత్తి 5.6 అయితే, హ్యాండిల్ ఒక్క చుట్టుకు సుమారు 105 సెంటీమీటర్ల దారం వస్తుంది. అదే నిష్పత్తి ఉన్నా, వ్యాసం 4.5 సెంటీమీటర్లున్న చిన్న స్పూల్ అయితే 79 దాటదు. అందుకే 6000 నుంచి 8000 సైజులో, ఒక్క చుట్టుకు 90 సెంటీమీటర్లకు తగ్గనిదాన్ని ఎంచుకోండి. బేరింగుల లెక్కను పట్టించుకోకండి. ఉప్పునీటిలో అవి ఎక్కువైతే తుప్పు పట్టే చోట్లూ ఎక్కువే. లోహపు బాడీ, స్క్రూలా తిప్పి బిగించే హ్యాండిల్ ఉండాలి. డ్రాగ్‌ను దారం తెగే బలంలో మూడో వంతుకు మించి బిగించరు కాబట్టి, 12 కిలోల దారానికి 4 కిలోలు చాలు. ఆ 15 కిలోల అంకె మీకు ఉపయోగపడదు.

విశాఖపట్నంలో ఉంటున్న రాజోలు వాసి

పై సభ్యులు చెప్పినది ఉప్పాడకు వర్తిస్తుంది. కానీ మీరు ఎప్పుడైనా విశాఖ వైపు వస్తే ఇక్కడ నీటి అడుగున కూడా సహజమైన బండలు ఉంటాయి. గేలం పడిన చోటి నుంచి ఒడ్డు దాకా అంతా ఇబ్బందే. అలాంటి చోట నేను మల్టిప్లయర్‌నే నమ్ముతాను. స్పిన్నింగ్ రీలులో దారం రోలర్ దగ్గర అడ్డంగా మలుపు తిరిగి స్పూల్ మీదికి వస్తుంది. మల్టిప్లయర్‌లో నేరుగా చుట్టుకుంటుంది కనుక, గ్రూపర్ లాంటి చేప రాయి కిందికి దూరబోతున్నప్పుడు లాగే బలం వృథా కాదు. అయితే విసిరేటప్పుడు స్పూల్ దారం కన్నా వేగంగా తిరిగితే పక్షిగూడులా చిక్కుపడుతుంది. నాకు అలవాటు కావడానికి ఒక వేసవి అంతా పట్టింది. చీకట్లో, తడి రాళ్ల మీద నిలబడి నేర్చుకోవడం సరికాదు; ముందు అంతర్వేది ఇసుకలోనే సాధన చేయండి.

ఉప్పాడ దగ్గరి సభ్యుడు

ఎంత మంచి రీలు కొన్నా, ఇరుక్కున్న దారాన్ని దానితో లాగకండి. మీ పళ్లు విరిగినది అందుకే. రాడ్‌ను దారానికి తిన్నగా చూపించి, చేతికి గుడ్డ చుట్టుకుని లేదా దారాన్ని చిన్న కర్రకు చుట్టి, వెనక్కి నడుస్తూ తెంపాలి. వెనక్కి నడవడానికి చోటు లేని రాళ్ల మీద కర్రే సురక్షితం. ఇంకొక పద్ధతి: సీసపు బరువును అసలు దారం కన్నా బాగా బలహీనమైన దారంతో, జానెడు పొడవున కట్టండి. అప్పుడు బరువు ఒక్కటే రాళ్లకు పోతుంది; గేలం, చేప మీకు దక్కుతాయి. అల్లిక దారం సన్నగా ఉంటుంది కాబట్టి రాయి అంచుకు రాసుకుంటే ఇట్టే తెగుతుంది, నేను 0.45 మిల్లీమీటర్ల నైలాన్ దారమే వాడతాను. ఇంటికి వెళ్లాక డ్రాగ్ బిగించి, రీలును మంచినీళ్లతో పైపైన కడిగి, ఆరాక డ్రాగ్ వదులు చేసి ఉంచండి. పోటు ఎక్కేటప్పుడు నాచు పట్టిన కింది రాళ్ల మీదికి మాత్రం దిగకండి.

అమలాపురం

అందరికీ కృతజ్ఞతలు. 6000 సైజు లోహపు బాడీ స్పిన్నింగ్ రీలే తీసుకుంటాను. బరువుకు బలహీనమైన దారం కట్టడం ఈ వారమే, పాత రాడ్ మీద బావగారి రీలుతో ప్రయత్నిస్తాను. ఎన్ని బరువులు పోయాయో వచ్చి రాస్తాను.