డాక్టర్ హూ: ఒకే నటుడు, రెండు పాత్రలు. కారణం చెప్పారా?

బ్రిటిష్ టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ పాత ఎపిసోడ్‌లు బాగా చూసినవారు దయచేసి సహాయం చేయండి. ఇందులో ‘డాక్టర్’ అనే ప్రధాన పాత్ర అప్పుడప్పుడూ కొత్త రూపంలోకి మారుతుంది, అందుకే ఆ పాత్రను వరుసగా వేర్వేరు నటులు పోషిస్తారు. 2008లో పాంపే నగరం కథలో పాలరాతి వ్యాపారి కేసీలియస్‌గా నటించిన పీటర్ కపాల్డీ 2013లో పన్నెండో డాక్టర్ అయ్యారు. ఆ ముఖమే ఎందుకు వచ్చిందో 2015లో ‘ది గర్ల్ హూ డైడ్’ ఎపిసోడ్‌లో చెప్పారు: మనుషులను కాపాడటమే తన పని అని డాక్టర్ తనకు తాను గుర్తుచేసుకోవడానికట! ఆ సన్నివేశంలో నా కళ్లు చెమర్చాయి.

మరి కోలిన్ బేకర్ సంగతి ఏమిటి? 1983లో ‘ఆర్క్ ఆఫ్ ఇన్ఫినిటీ’లో కమాండర్ మాక్సిల్‌గా వచ్చి ఐదో డాక్టర్‌నే తుపాకీతో కాల్చారు. మరుసటి ఏడాదే ఆరో డాక్టర్ అయ్యారు. ఈ పోలికకు ఏదైనా ఎపిసోడ్‌లో కారణం చెప్పారా? చెప్పి ఉంటే ఎపిసోడ్ పేరు తెలుపగలరు. కోలిన్ బేకర్ డాక్టర్‌గా చేసిన కథలన్నీ వరుసగా చూడాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?